సాంపిలే తప్పయితే? మా పాత మారుతికి బ్రేకు స్ప్రింగులు వెతికిన కథ

మా ఇంట్లో 1999 మోడల్ మారుతి 800 ఉంది. ఏ.పి. 02 నంబరు, అంటే పుట్టిందీ పెరిగిందీ అనంతపురంలోనే. మా మామగారు కొన్నారు, తర్వాత మా ఆయన నడిపారు, ఆయన పెద్ద కారు కొనుక్కున్నాక ఇది నాకు వచ్చింది. నేను గుత్తి రోడ్డులో పాతిక కిలోమీటర్ల అవతల జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను, రోజూ దీంట్లోనే పోయి వస్తాను. "ఇంకా దీన్ని అమ్మలేదా?" అని అడగని బంధువు లేడు. అమ్మితే వచ్చేది ఎంతో, కొత్తది కొంటే పోయేది ఎంతో వాళ్లకూ తెలుసు, అయినా అడుగుతారు.

పోయిన మార్చిలో ఒకరోజు కాలేజీ ముందు బండి ఆపి దిగితే ఏదో కాలిన వాసన. మొదట రోడ్డు పక్కన ఎవరో చెత్త కాలుస్తున్నారేమో అనుకున్నాను. సాయంత్రం ఇంటికి వచ్చాక కూడా అదే వాసన, అది కూడా వెనక ఎడమ చక్రం దగ్గరే. చెయ్యి దగ్గరగా పెడితే పొయ్యి మీద నుంచి దించిన పెనంలా సెగ కొడుతోంది. కుడి చక్రం దగ్గర అట్లాంటిదేమీ లేదు, ఎండలో తిరిగిన బండికి ఉండాల్సిన వేడే ఉంది. అప్పుడు గుర్తొచ్చింది, నెల రోజులుగా పెట్రోలు కూడా ఎక్కువ తాగుతోంది, నేనేమో ఏ.సి. వాడకం అని సరిపెట్టుకున్నాను.

ఆదివారం పొద్దున్నే, ఎండ ముదరకముందే, ఇంటి ముందు పని మొదలుపెట్టాను. ముందు చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, గేర్లో ఉంచి, హ్యాండ్ బ్రేకు వదిలేసి (800కి ఇంజను తిప్పేది ముందు చక్రాలనే కాబట్టి గేర్లో ఉన్నా వెనక చక్రాలు స్వేచ్ఛగా తిరుగుతాయి), వెనక జాకీ ఎత్తి, జాకీ జారినా బండి నేల మీద పడకుండా స్టెప్నీని కింద తోసి, చక్రాన్ని చేత్తో తిప్పాను. కుడిది ఒక్క తోపుకు మూడు నాలుగు చుట్లు తిరిగింది. ఎడమది అర చుట్టుకే ఆగిపోయింది. అంటే బ్రేకు తొక్కకపోయినా ఎడమవైపు బ్రేకు పట్టుకునే ఉంది.

ఇట్లా పట్టుకోవడానికి కారణాలు మరీ ఎక్కువేమీ ఉండవు. హ్యాండ్ బ్రేకు కేబుల్ తుప్పు పట్టి వెనక్కి రాకపోవచ్చు. లేదంటే బ్రేకు ఆయిల్ వత్తిడి తగ్గకుండా పైపులోనే నిలిచిపోయి ఉండొచ్చు. ఇంకోటి, డ్రమ్ము (చక్రంతో పాటు తిరిగే ఇనుప గిన్నె, వెనక బ్రేకు ఉండేది దాంట్లోనే) లోపల ఏదో సరిగ్గా లేకపోవచ్చు. కేబుల్‌ని పూర్తిగా లూజ్ చేసి చక్రం తిప్పాను, తేడా లేదు. బ్రేకు పైపులోని గాలి తీసే నిప్పుల్‌ని కొంచెం వదులు చేస్తే రెండు చుక్కలు ఆయిల్ వచ్చింది గాని చక్రం మాత్రం అట్లే బిగుసుకుని ఉంది, వత్తిడి వల్లే అయితే ఆ క్షణంలోనే వదిలేయాలి. కాబట్టి మిగిలింది డ్రమ్ము లోపలి సంగతే. మా ఆయన కాఫీ తాగుతూ వచ్చి చూసి, "మెకానిక్ దగ్గరికి తీసుకుపోతే అయిపోయేదానికి ఇంత పంచాయితీ ఎందుకు?" అన్నారు. సరే అని తీసుకుపోయాం.

మేం ఎప్పుడూ చూపించే మెకానిక్ మంచివాడే, చేతిలో పని ఉంది, మోసం చేయడు. కానీ ఆయన మాట్లాడేదంతా మా ఆయనతోనే, బండి నాదే అయినా, అడిగేది నేనే అయినా. ఆ సంగతి పక్కన పెడదాం. డ్రమ్ము తీశాడు. ఎనిమిది నెలల కిందట ఆయనే వేసిన షూలు (బ్రేకు తొక్కితే డ్రమ్ముకు లోపలి నుంచి ఒరుసుకుని చక్రాన్ని ఆపే వంపు ముక్కలు), ఎడమవైపు వాటి మీది లైనింగు, అంటే ఒరుసుకునే పొర, రేకు కనిపించేంతగా అరిగిపోయి ఉంది. డ్రమ్ము లోపల నీలం రంగు మచ్చలు, ఇనుము బాగా కాగితే పడే మచ్చలు అవి. ఆయిల్ వత్తిడికి షూలను తోసే వీల్ సిలిండర్ పిస్టన్లను వేలితో నొక్కితే లోపలికి పోతున్నాయి, లీకేజీ లేదు.

"షూలు మార్చాల సార్" అన్నాడు.

"ఎనిమిది నెలలకే ఎందుకు పోయాయి?" అని నేను అడిగాను.

"పాత బండి కదా మేడమ్."

"స్ప్రింగులు వదులయ్యాయేమో చూడు భాయ్" అన్నాను.

పైన ఉన్న రిటర్న్ స్ప్రింగును స్క్రూడ్రైవర్‌తో లాగి వదిలి, "చూడండి, ఎట్ల కొడుతుందో, ఇవి చచ్చేటివి కావు మేడమ్, నా సర్వీసులో స్ప్రింగులు మార్చింది లేదు" అన్నాడు.

ఆ ఒక్క మాటే మొత్తం కథ. షూలు అరుగుతాయి కాబట్టి అందరూ మారుస్తారు, షాపులో షూలు దొరుకుతాయి, పెట్టె మీద కారు బొమ్మ కూడా ఉంటుంది. ఆ షూలను పట్టుకునే పైన స్ప్రింగు, కింద స్ప్రింగు, షూని ప్లేటుకు అదిమి ఉంచే చిన్న స్ప్రింగు, దాని పిన్ను, దాని గిన్నె, వీటిని పాతవే తుడిచి మళ్లీ వేస్తారు. 25 ఏళ్ల కారులో 25 ఏళ్ల స్ప్రింగులు ఉంటాయి. బ్రేకు తొక్కితే షూలను బయటికి తోసేది ఆయిల్, కానీ కాలు తీసేశాక వాటిని వెనక్కి లాగేది స్ప్రింగే, ఇంకెవరూ లేరు ఆ పనికి. స్ప్రింగు నీరసపడితే షూ డ్రమ్ముకు రాసుకుంటూ ఉంటుంది, రాసుకుంటే వేడి, ఆ వేడికి స్ప్రింగు ఇంకా నీరసపడుతుంది. పైగా ముందువైపు షూకి ఒక గుణం ఉంది, డ్రమ్ము తిరిగే దిశలోనే అది ఉంటుంది కాబట్టి ఒకసారి తగిలిందంటే డ్రమ్మే దాన్ని ఇంకా గట్టిగా తనవైపు గుంజుకుంటుంది. డ్రమ్ము బ్రేకు బలం అదే, జబ్బూ అదే.

సరే, షూలు కొత్తవి వేయించాను. స్ప్రింగు కూడా కొత్తది వేయాలని పట్టుబట్టాను. "దొరికితే తెండి మేడమ్, వేస్తా" అన్నాడు. ఆ పాత స్ప్రింగును కాగితంలో చుట్టి బ్యాగులో వేసుకుని బయలుదేరాను.

టవర్ క్లాక్ నుంచి మొదలుపెట్టి మధ్యాహ్నం దాకా తిరిగాను. అనంతపురంలో స్పేర్ పార్టుల షాపులకు కొదవ లేదు గాని ట్రాక్టరువి, ఆటోవి, బైకువి ఎక్కువ. కారు పార్టులు అమ్మే ప్రతి షాపులోనూ మొదటి ప్రశ్న ఒకటే, "సాంపిల్ తెచ్చినారా మేడమ్?" తెచ్చాను అని గర్వంగా చూపించడం, వాళ్లు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "షూ సెట్టు ఉంది, స్ప్రింగులు ఒక్కటే రావు" అనడం. ఒకాయన "సారును పంపియ్యండి, ఫోన్లో చెప్తా" అన్నాడు. సారుకు చెప్తే ఏమవుతుందో నాకు అర్థం కాలేదు, సారుకు స్ప్రింగు ఎక్కడ ఉంటుందో కూడా తెలీదు.

చివరికి ఒక షాపులో కుర్రాడు డబ్బాలో చెయ్యి పెట్టి పది పదిహేను స్ప్రింగులు బల్ల మీద పోశాడు. నా సాంపిల్ పక్కన ఒక్కొక్కటి పెట్టి, అచ్చం అట్లాంటిదే, కొక్కెం వంపుతో సహా, తీసి ఇచ్చాడు. రెండు కలిపి 60 రూపాయలు. ఏ కంపెనీదో ఏమీ రాసి లేదు, కవరు కూడా లేదు. కానీ సాంపిల్‌కి సరిగ్గా సరిపోయింది కదా, ఇంకేం కావాలి? ఎంత సంతోషపడ్డానంటే దారిలో ఆగి ఉగ్గాని బజ్జి పార్శిల్ కూడా కట్టించుకున్నాను.

ఎడమవైపు వేయించాం. రెండు రోజులు బాగానే ఉంది అనిపించింది. మూడో రోజు కాలేజీ ముందు దిగితే మళ్లీ అదే వాసన.

నిజంగా ఏడుపొచ్చినంత పనయింది. మెకానిక్ ఏమో "చెప్తి కదా మేడమ్, స్ప్రింగు కాదని" అన్నట్టు చూశాడు. నాకు మాత్రం ఒక విషయం బుర్రలో తొలుస్తోంది. కుడి చక్రం కూడా అదే వయసుది, అవే రోడ్లు, అదే ఎండ, దానికేమీ కాలేదు. అయితే దాని స్ప్రింగు ఎట్లా ఉంది? అప్పటిదాకా ఎవరమూ కుడివైపు విప్పి చూడలేదు. బాగున్నదాన్ని ఎందుకు విప్పుతాం?

ఆ శనివారం కుడి డ్రమ్ము తీయించి, స్ప్రింగు ఊడదీసి, ఎడమదాని పక్కన పెట్టాం. చూడటానికి రెండూ ఒకటే. మెకానిక్ కూడా "ఒకటే కదా" అన్నాడు. నేను కాలేజీ ల్యాబు నుంచి వెర్నియర్ కాలిపర్స్ తెచ్చుకున్నాను (మా అటెండర్ "మేడమ్, అది స్టాకు రిజిస్టరులో ఉంది, జాగ్రత్త" అని రెండుసార్లు చెప్పి ఇచ్చాడు). ఇంటర్ మొదటి సంవత్సరం పిల్లల చేత ఏటా చేయించే మొదటి ప్రాక్టికల్ అదే, ఇన్నేళ్లలో దాన్ని సొంత పనికి వాడటం మాత్రం ఇదే మొదటిసారి. కొలిస్తే, కుడివైపు తీగ కంటే ఎడమవైపు తీగ 0.2 మిల్లీమీటర్లు సన్నం. పొడవు చూస్తే ఎడమది దాదాపు 4 మిల్లీమీటర్లు ఎక్కువ.

0.2 మిల్లీమీటర్లంటే రెండు మూడు కాగితాల మందం, అంతేనా అనుకోవచ్చు. స్ప్రింగు విషయంలో అట్లా కాదు. స్ప్రింగు గట్టిదనం తీగ మందానికి నాలుగో ఘాతంలో ఉంటుంది. అంటే తీగ మందం పదో వంతు తగ్గితే గట్టిదనం సుమారు మూడో వంతు పోతుంది. 0.9ని నాలుగుసార్లు గుణించి చూడండి, 0.66 దగ్గర వస్తుంది. దానికి తోడు స్ప్రింగు ముందే పొడవుగా ఉంటే, షూల మధ్య బిగించినప్పుడు అది తక్కువ సాగుతుంది, తక్కువ లాగుతుంది. రెండు వైపులా దెబ్బే. నమ్మకం కుదరక ఇంట్లో సామాన్లు తూచే కొక్కెం త్రాసు తెచ్చి రెండు స్ప్రింగులనూ ఒకే పొడవుకు లాగి చూశాను. కుడిది చూపించినదాంట్లో ఎడమది సగానికి కొంచెం ఎక్కువ చూపించింది. మెకానిక్ అప్పుడు మొదటిసారి నావైపు తిరిగి, "ఇదెట్ల మేడమ్?" అన్నాడు.

ఎట్లా అంటే, ఎడమవైపు ఉన్న పాత స్ప్రింగు ఆ కారుది కానే కాదు. దాన్నే సాంపిల్‌గా పట్టుకుపోయి, దానికి సరిపోయే కొత్తది కొనుక్కొచ్చాను. తప్పుకు నకలు తీయించుకున్నానన్నమాట. ఇంట్లో తవ్వితే బయటపడింది, చాలా ఏళ్ల కిందట తిరుపతి నుంచి వస్తుంటే మదనపల్లె దాటాక ఎడమ చక్రంలో టకటకమని చప్పుడు, రాత్రివేళ రోడ్డు పక్కన ఎవరో విప్పి, విరిగిన స్ప్రింగు తీసేసి, తన దగ్గరున్నదేదో వేసి పంపించాడట. ఆ రాత్రికి ఆయన మాకు దేవుడే, నేనేమీ అనను. కానీ ఆ తర్వాత దాన్ని సరైనదానితో మార్చాలని ఎవరికీ గుర్తు లేదు. అప్పటి నుంచీ ఎడమ షూలు తొందరగా అరగడం, మేం షూలు మార్చుకుంటూ పోవడం.

కానీ ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. రెండు స్ప్రింగులు వేరని తేలింది, సరే. కుడిదే సరైనదని గ్యారంటీ ఏమిటి? కుడివైపు కూడా ఎవరైనా ఏదైనా వేసి ఉండొచ్చు కదా. లేదా ఆ కారుకు తయారుచేసేటప్పుడే రెండు వైపులా వేర్వేరు స్ప్రింగులు ఉండొచ్చు (డ్రమ్ము లోపల కొన్ని భాగాలు నిజంగానే ఎడమకు వేరు, కుడికి వేరు ఉంటాయి, షూల మధ్య ఉండే స్ట్రట్టు అట్లాంటిదే, వాటిని కలిపేస్తే ఇంకో తలనొప్పి). మూడో సాక్షి కావాలి.

అందుకని కంపెనీ పార్టులు అమ్మే కౌంటరుకు పోయాను. సాంపిల్ తీసుకుపోలేదు, కావాలనే. ఆర్.సి. మాత్రం తీసుకుపోయాను. 800 అంటే ఒకటే కారు అనుకుంటాం గాని 1983 నుంచి 2014 జనవరి దాకా తయారైంది. 1986లో బాడీ మొత్తం మారింది, 1997లో ముఖం మారింది, 2000 ప్రాంతంలో ఇంజను మారింది. కాబట్టి "800కి స్ప్రింగు" అని అడగడం "అనంతపురంలో రెడ్డిగారి ఇల్లు" అని అడిగినట్టే. ఛాసిస్ నంబరు చెప్తే కౌంటరులో అబ్బాయి కంప్యూటరులో వెనక బ్రేకు బొమ్మ తెరిచాడు. విడివిడిగా ఒక్కో ముక్కను గాల్లో వేలాడదీసినట్టు గీసిన బొమ్మ, ఒక్కోదానికి ఒక అంకె, కింద పట్టీలో ఆ అంకెకు పార్టు నంబరు, పక్కనే కారుకు ఎన్ని కావాలో. పై రిటర్న్ స్ప్రింగు దగ్గర ఒకే నంబరు ఉంది, ఎన్ని అన్నచోట 2 అని ఉంది. అంటే ఎడమకూ కుడికీ ఒకటే స్ప్రింగు. నా సగం అనుమానం అక్కడే తీరింది.

మారుతి పార్టు నంబరు గురించి ఒక మాట, తెలియనివాళ్లకు పనికొస్తుంది. అందులో ముందు ఐదు అంకెలు అది ఏ భాగమో చెప్తాయి, మధ్యలో ఎం అనే అక్షరం వస్తుంది, ఆ తర్వాతది ఏ మోడల్ కోసం తయారైందో చెప్తుంది. అందుకే మొదటి ఐదు అంకెలు కలిసినంత మాత్రాన సరిపోదు, రెండు వేర్వేరు కార్ల స్ప్రింగులకు కూడా అవి ఒకటే ఉంటాయి. తోక కూడా కలవాలి.

"స్టాకు?" అని అడిగాను.

"లేదు మేడమ్. ఆర్డరు పెట్టినా ఎప్పుడొస్తుందో చెప్పలేం."

ఆ అబ్బాయి ఒక మేలు చేశాడు. ఆ పట్టీలోని నంబర్లన్నీ, పై స్ప్రింగు, కింద స్ప్రింగు, అదిమే స్ప్రింగు, పిన్ను, అన్నీ ఓపిగ్గా చదివి చెప్పాడు, నేను ఆర్.సి. జిరాక్సు వెనక రాసుకున్నాను. ఆ కాగితం ఇప్పటికీ నా పర్సులో ఉంది.

ఆ తర్వాత ఆన్‌లైన్. దీని గురించి ఎక్కువ చెప్పను. పేరు ఒకటి, ఫొటో ఇంకోటి, వచ్చే వస్తువు మూడోది. 800, ఆల్టో, ఆమ్నీ, జెన్ అన్నిటికీ ఇదే అని రాసిన పెట్టె తెప్పిస్తే అందులో షూని అదిమే చిన్న స్ప్రింగులు తప్ప ఇంకేం లేవు. వెనక్కి పంపాను. రెండోది పార్టు నంబరు రాసి ఉన్నచోట కొన్నాను, వచ్చినదాని కవరు మీద నంబరులో తోక వేరే ఉంది. అదీ వెనక్కి. ఆ రెండు వారాలూ కారు షెడ్డులో, నేను ఆర్.టి.సి. బస్సులో. మా దగ్గర నుంచి గంట దూరంలో, పెనుకొండ దగ్గర, కియా వాళ్లు లక్షల కార్లు తయారుచేసే ఫ్యాక్టరీ ఉంది, నాకేమో ఒక స్ప్రింగు దొరకదు. బస్సు కిటికీలోంచి రోడ్డు మీద కొత్త కార్లు మోసుకుపోయే పెద్ద లారీలను చూస్తే ఒళ్లు మండేది.

బెంగళూరు జె.సి. రోడ్డు సంగతి మా మరిది చెప్పాడు. అనంతపురం వాళ్లకు హైదరాబాదు కంటే బెంగళూరే దగ్గర, రెండు వందల పై కిలోమీటర్లు, ఆసుపత్రికైనా పెళ్లి బట్టలకైనా చాలామంది అటే పోతారు. టౌన్ హాల్ దగ్గర మొదలయ్యే ఆ రోడ్డు పొడవునా కార్ల సామాన్ల షాపులే. ఏప్రిల్లో సెలవులు ఇచ్చీ ఇవ్వగానే తెల్లవారుజామున బస్సెక్కి, మెజెస్టిక్‌లో దిగి, అక్కడి నుంచి ఆటోలో పోయాను. ఈసారి తీసుకుపోయినవి కుడివైపు స్ప్రింగు, నంబర్ల కాగితం, వెర్నియర్. ఎడమవైపు స్ప్రింగును ఇంట్లోనే పెట్టేసి వచ్చాను, పొరపాటున కూడా ఎవరికీ చూపించకూడదని.

మొదటి ఐదారు షాపులు సీటు కవర్లు, మ్యూజిక్ సిస్టములు, లైట్లు. వాళ్లు నన్ను చూడగానే "సీట్ కవరా మేడమ్?" అన్నారు. లోపలి సందుల్లోకి పోతే అసలు షాపులు ఉన్నాయి, వెడల్పు ఒక మంచమంత, పొడవు రైలు పెట్టంత, పైకప్పు దాకా డబ్బాలు. భాష ఇబ్బందే లేదు, నేను తెలుగులో అడిగితే వాళ్లు కన్నడ కలిపిన తెలుగులో జవాబిచ్చారు. ఒక షాపాయన మళ్లీ అదే ప్రశ్న, "సాంపిల్ ఉందామ్మా?"

"సాంపిల్ తర్వాత చూపిస్తాను, ముందు ఈ నంబరు చూడండి" అన్నాను.

ఆయన నన్నోసారి చూసి, పక్కనే రెండు షాపుల అవతల ఉన్న పెద్దాయన దగ్గరికి పొమ్మన్నాడు. ఆ పెద్దాయనకు డెబ్భై దాటి ఉంటాయి. కాగితం తీసుకుని, కళ్లజోడు నుదుటి మీదికి తోసి, నంబరు చదివి, ఏమీ మాట్లాడకుండా నిచ్చెన ఎక్కాడు. నాకు భయం వేసింది ఎక్కడ పడతాడో అని. దుమ్ము పట్టిన ఒక అట్టపెట్టె దించాడు. దాని మీద చీటీలో మారుతి ఉద్యోగ్ అని ఉంది. ఆ కంపెనీ పేరు మారుతి సుజుకీ అయింది 2007లో, అంటే ఈ పెట్టె అంతకుముందు నుంచీ ఆ అటక మీదే నిద్రపోతోంది. చీటీ మీద నంబరు నా కాగితంలోదే, తోకతో సహా.

అయినా నేను నమ్మలేదు. ఒకసారి దెబ్బ తిన్నాను కదా. "ఒక్క నిమిషం పెద్దాయనా" అని బ్యాగులోంచి వెర్నియర్ తీశాను. కుడివైపు స్ప్రింగునూ, పెట్టెలోదాన్నీ కొలిచాను. తీగ మందం ఒకటే. చుట్లు లెక్కపెట్టాను, ఒకటే. చుట్టు వెడల్పు ఒకటే. పొడవులో మాత్రం మా పాతది ఒక మిల్లీమీటరు దాకా ఎక్కువ, పాతికేళ్లు సాగిన స్ప్రింగుకు అంత ఉండటం మామూలే, అసలు సాగకపోయి ఉంటేనే అనుమానపడాలి. పెద్దాయన నవ్వుతూ చూస్తున్నాడు. "యాభై ఏళ్లుగా అమ్ముతున్నానమ్మా, ఇట్ల కొలిచి కొన్నవాళ్లను చూడలేదు" అన్నాడు. మెచ్చుకోలో ఎత్తిపొడుపో తెలీలేదు, కాఫీ మాత్రం తెప్పించాడు.

రెండు వైపులకీ పై స్ప్రింగులు, కింద స్ప్రింగులు, అదిమే స్ప్రింగులు, పిన్నులు, గిన్నెలు, అన్నీ కలిపి 700 రూపాయల లోపే అయింది. కుడివైపు బాగానే ఉంది కదా, దానికెందుకు అంటారా? ఒకవైపు కొత్తది, ఒకవైపు పాతికేళ్లది ఉంటే రెండు చక్రాలు ఒకేలా వదలవు. మళ్లీ నిచ్చెన ఎక్కించే ఓపిక ఆ పెద్దాయనకు ఉన్నా నాకు లేదు.

బిగించడం ఒక పూట పని. మెకానిక్ షాపులోనే చేశాం, నేను పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను, ఈసారి ఆయన మాట్లాడింది నాతోనే. రెండు వైపులా ఒకేసారి విప్పొద్దని ముందే చెప్పాను, ఒకవైపు పూర్తయ్యేదాకా రెండోవైపు విప్పకుండా ఉంటే ఏ స్ప్రింగు ఏ చిల్లులో, ఏ కొక్కెం ముందు, ఏది వెనక అనేదానికి అదే నమూనా. విప్పేముందు ఫోన్లో నాలుగు ఫొటోలు కూడా తీశాను. ఆయన అలవాటుగా గాలి పైపు తీసుకుని డ్రమ్ములోని దుమ్ము ఊదబోతే ఆపాను. పాత లైనింగుల దుమ్ములో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, అది ఊపిరితిత్తుల్లోకి పోతే మళ్లీ బయటికి రాదు. సబ్బు నీళ్లలో తడిపిన గుడ్డతో తుడిపించాను. "మేడమ్, నేను ఇరవై ఏళ్లుగా ఊదుతున్నా" అన్నాడు. అందుకే వద్దన్నాను.

షూ అంచులు ఆనే చోట వెనక ప్లేటు మీద చిన్న చిన్న గతుకులు పడి ఉన్నాయి. షూ వాటిలో ఇరుక్కుని వెనక్కి రాకపోవడానికి అదీ ఒక కారణం అయి ఉండొచ్చు. వాటిని ఎమ్రీ కాగితంతో నున్నగా చేసి, వేడికి కరగని గ్రీజు అగ్గిపుల్ల తలంత, అంతకు మించి కాదు, ఆ ఆనే చోట్ల మాత్రమే రాశాం. లైనింగుకు గ్రీజు అంటిందా, బ్రేకు పోయినట్టే. 800 వెనక డ్రమ్ములోనే బేరింగులు ఉంటాయి, వాటిని కూడా కడిగి కొత్త గ్రీజు పెట్టాడు. నడిమి నట్టుకు వేసే స్ప్లిట్ పిన్ను పాతదే వంచి వేయబోతుంటే కొత్తది తెప్పించాను. ఐదు రూపాయల పిన్ను, చక్రం ఊడకుండా ఆపేది అదే.

బ్రేకు ఆయిల్ కూడా మార్పించాను, డాట్ 3 అనే రకం. నల్లగా, టీ డికాషనులా ఉంది పాతది. ఈ ఆయిల్ గాల్లోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ బాగా పట్టాక ఆ హద్దు 140కి పడిపోతుంది. ఎడమ డ్రమ్ము నీలం రంగు తిరిగేంత కాగిందంటే నేను ఎంత దగ్గరదాకా పోయి వచ్చానో తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో ఒకలా ఉంటుంది. ఆయిల్ మరిగితే పెడల్ కింద ఉండేది ఆవిరి, తొక్కితే నేల దాకా పోతుంది, బండి ఆగదు. హైవే మీద, లారీ వెనక.

నాలుగు చక్రాల బ్రేకు పైపుల్లోనూ గాలి తీసి, హ్యాండ్ బ్రేకు సర్ది, జాకీ మీదే రెండు వెనక చక్రాలూ తిప్పి చూశాం. రెండూ దాదాపు ఒకేలా తిరిగి ఒకేలా ఆగాయి. ఆ సాయంత్రమే గుత్తి రోడ్డులో పామిడి దాకా పోయి వచ్చాను, ఎండ 40 దాటిన రోజు. ఆగి రెండు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి చూశాను. మళ్లీ ఒకసారి చూశాను. రెండిటికీ ఒకే వేడి. ఇప్పటికి నాలుగు నెలలు దాటింది, పెట్రోలు ఖర్చు కూడా పాత లెక్కకు వచ్చింది.

ఆ 60 రూపాయల స్ప్రింగులు రెండూ ల్యాబులో ఉన్నాయి, వెర్నియర్ పక్కనే. స్టాకు రిజిస్టరులో రాయలేదు. మెకానిక్ నా కాగితంలోని నంబర్లను ఫొటో తీసుకున్నాడు, ఎవరిదో 2000 మోడల్‌కి ఎడమ చక్రం వేడెక్కుతోందట. ఆ బండి తోక వేరే ఉండొచ్చు, ముందు దాని ఛాసిస్ నంబరు చూపించమని చెప్పాను. నా బండికి ఇప్పుడు ముందు కుడివైపు డిస్కు దగ్గర సన్నగా గిలక చప్పుడు మొదలైంది. ప్యాడ్లను కదలకుండా పట్టే క్లిప్పు పోయి ఉంటుందని నా అనుమానం. వచ్చే నెల యలహంకలో మా పిన్ని కూతురి పెళ్లి ఉంది, పెద్దాయనకు ఫోన్ చేసి నంబరు చెప్పాను. చూసి పెడతానన్నాడు, వెర్నియర్ తెచ్చుకోమని కూడా అన్నాడు.